నాలుగో మనిషి ఖర్చు

పాస్‌పోర్టు బల్ల మీదే ఉంది. నిన్న సాయంత్రం కవరు చింపినప్పటినుంచీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. టీ కప్పులు దాని చుట్టూ తిరిగాయి. రొట్టె పళ్ళెం దాన్ని తప్పుకుని వెళ్ళింది. మనవరాలు పిట్ట కాలేజీ పుస్తకాలు తెచ్చి దాని పక్కన పెట్టి, మళ్ళీ ఎందుకో తీసేసింది.

కొత్త అట్ట. లోపల అత్తగారి ఫొటో. చిల్లర లేదన్న ప్రయాణికుణ్ణి చూసినట్టు చూస్తోంది అందులో.

"నాకొక్కటి చెప్పమ్మా," అన్నాడు కొడుకు. లిఫ్టుల కంపెనీ వాళ్ళిచ్చిన నీలం చొక్కా తొడుక్కుని, గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుంటున్నాడు. "ఇంట్లో నేనున్నాను. కోడలుంది. పాస్‌పోర్టు కావాలంటే మాకు చెప్పకూడదా?"

"చెప్తే ఏమనేవాడివి?" అంది తల్లి, టీలో రొట్టె ముంచుకుంటూ.

"ఏమంటాను? ఇప్పుడెందుకమ్మా అంటాను."

"అందుకే చెప్పలేదు."

పొయ్యి దగ్గర కోడలు ఇటు తిరక్కుండానే నవ్వాపుకుంది. భుజాలు కదిలాయి కాబోలు, దొరికిపోయింది.

"నవ్వు, నువ్వూ నవ్వు. నెల్లాళ్ళు కూర్చుని లెక్క వేశాం. విమానం, బస, తిండి, తిరుగుడు, అన్నీ ముగ్గురికి. ముగ్గురికే బొటాబొటీ. ఇప్పుడు నాలుగో పాస్‌పోర్టు ఊడిపడింది!"

"ఊడిపడలేదురా. వరసలో నిలబడి తెచ్చుకున్నాను."

"ఒక్కదానివే వెళ్ళావా అంత దూరం?"

"ముప్పై ఏళ్ళు ఊరందర్నీ తీసుకెళ్ళి తీసుకొచ్చినదాన్ని. నాకు దారి తెలీదా?"

ఆవిడ సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరైంది. కోడలు డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పుతుంది. కొడుకు రోజంతా కిందికీ పైకీ తిరుగుతూ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆ ఇంట్లో బస్సొక్కటే తక్కువని వీధిలో వాళ్ళ హాస్యం.

"మరి దరఖాస్తు? కంప్యూటర్లో నింపాలి కదా. అదెవరు నింపారు?"

పిట్ట మంచినీళ్ళ సీసా మూతని ఉన్నట్టుండి శ్రద్ధగా బిగించడం మొదలుపెట్టింది.

"నువ్వా?"

"నాన్నమ్మ అడిగింది నాన్నా. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది."

"బాగుంది. ఈ ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు."

"నాకూ తెలీదండీ," అంది కోడలు. నిజమే చెప్పింది. చెప్పాక, ఆ నిజం తనకే కాస్త గుచ్చుకుంది. ఇంట్లో ఉన్న ఆడదాన్ని తను. అత్తగారు ఈ పని మనవరాలితో చేయించుకుంది కానీ తనతో చేయించుకోలేదు.

కొడుకు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. అతను గొంతు తగ్గించాడంటే అసలు మాట ఇప్పుడు వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"అక్కతో మాట్లాడాను. మేం వచ్చేదాకా నువ్వు దాని దగ్గర ఉంటావని చెప్పాను. పాపం, గది కూడా సర్ది పెట్టుకుంది."

"నన్నడిగావా?"

"అడిగేదేముందమ్మా ఇందులో?"

అత్తగారు కప్పు కింద పెట్టింది.

"ఆ రోజు నేను పక్క గదిలోనే ఉన్నాన్రా. తలుపు తీసే ఉంది. ఇదే బల్ల దగ్గర కూర్చున్నారు మీరు. అమ్మనెక్కడ పెడదాం, అక్క దగ్గర పెడదాం అనుకున్నారు. ఇనప బీరువా గురించి మాట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను ముందు. తర్వాత తెలిసింది, నా గురించేనని."

పొయ్యి మీద పాలు పొంగడానికి వచ్చాయి. కోడలు మంట ఆర్పేసింది.

అక్క దగ్గర పెడదాం. ఆ మాట అన్నది అతను కాదు. తను. "వదిన దగ్గర పెడదామండీ" అన్నది తనే. విన్నావిడకి గొంతు తెలియకపోదు.

"నీ మోకాళ్ళ నొప్పులు..." అన్నాడు అతను, వేరే దారి వెతుక్కుంటూ.

"మోకాళ్ళు కూడా వస్తాయి. వాటికి వేరే టికెట్టు అక్కర్లేదు."

పిట్ట ఫక్కున నవ్వింది. తండ్రి లేచి నిలబడ్డాడు. చెప్పులు వేసుకుని, తలుపు గట్టిగా వేసి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం తినాల్సిన డబ్బా బల్ల మీదే, పాస్‌పోర్టు పక్కన ఉండిపోయింది.

* * *

ఆ రోజు కోడలి దగ్గరికొచ్చిన మొదటి విద్యార్థి ఒక పళ్ళ డాక్టరు. మనుషుల నోళ్ళలో వణక్కుండా పనిచేసే ఆ చేతులు స్టీరింగు పట్టుకుంటే మాత్రం వణుకుతాయి.

"మెల్లిగా తొక్కండి డాక్టరుగారూ. అది పన్ను కాదు, పీకెయ్యనక్కర్లేదు."

ఆయన నవ్వి బ్రేకు ఇంకా గట్టిగా తొక్కాడు. కారు దడుచుకున్నట్టు ఆగింది. అప్పుడే ఆమె ఫోను మోగింది.

"పక్కకి తియ్యండి. సిగ్నలు వెయ్యండి. అది వైపరండీ. ఆ, అదీ."

ఫోనులో భర్త గొంతు బావిలోంచి వస్తున్నట్టు వినిపించింది.

"ఎక్కడున్నారు?"

"లిఫ్టు నెత్తి మీద. పైఅంతస్తులో ఇరుక్కుపోతే సరిచేస్తున్నా."

"ఏమైనా తిన్నారా?"

"డబ్బా మర్చిపోయాను."

"మర్చిపోలేదు. వదిలేసి వెళ్ళారు."

అటువైపు ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపించింది. డాక్టరు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాకు తట్టనే లేదు," అన్నాడు భర్త. "అమ్మ రాదు అనుకోలేదు నేను. వస్తుందా అని కూడా అనుకోలేదు. అసలా ప్రశ్నే రాలేదు బుర్రలోకి. పొద్దున్నుంచీ అదే తొలుస్తోంది. కోపం ఆవిడ మీద కాదు."

"ఆ మాట అన్నది నేనండీ. పెడదాం అని. అత్తయ్యకి తెలుసు. తెలిసి కూడా మీ మీద వేసి ఊరుకున్నారు."

మళ్ళీ ఇనుము చప్పుడు.

"నలుగురికి ఎంతవుతుందో ట్రావెల్స్‌లో కనుక్కో."

"చాలా అవుతుంది."

"తెలుసు. ఎంతో తెలిస్తే, సరిగ్గా అంతే భయపడొచ్చు. ఇప్పుడు ఊరికే భయపడుతున్నాం."

ఫోను పెట్టేసరికి ఆమె మొహంలో ఏదో మారి ఉండాలి. డాక్టరు కుతూహలం ఆపుకోలేకపోయాడు.

"విదేశమాండీ? వినకూడదనే అనుకున్నాను. చెవులు వినేశాయి."

"దీవుల దేశం. సముద్రం చూద్దామని."

"హోటళ్ళ జోలికి పోకండి. మా తమ్ముడు వాళ్ళు వెళ్ళినప్పుడు వారానికి ఇల్లే అద్దెకి తీసుకున్నారు. వంటగది ఉంటుంది. హోటల్లో రెండు గదులకయ్యే దాంట్లో సగం. తిండి ఖర్చు కూడా కలిసొస్తుంది."

ఆమె ఆయనకేసి తిరిగి కూర్చుంది. "ఇల్లంటే, ఇల్లేనా? తాళం మన చేతికిచ్చేస్తారా?"

"ఇచ్చేస్తారు."

"డాక్టరుగారూ, ఈ పూట మీరెన్నిసార్లు కారు ఆపేసినా నేనేమీ అనను," అంది. ఆయన ఆ అవకాశాన్ని పూర్తిగా వాడుకున్నాడు.

* * *

సాయంత్రం ఆమె స్కూల్లోంచి ఒక పాత పటం చుట్టి తెచ్చింది. ఒకవైపు రోడ్డు గుర్తులు. రెండోవైపు తెల్లగా, బల్లంత కాగితం. దాన్ని బోర్లా పరిచి, మూలల మీద నాలుగు కప్పులు పెట్టింది.

పాస్‌పోర్టుని తనే చేత్తో తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"ఇది మీ దగ్గరుంచుకోండత్తయ్యా. ఆ రోజు నేనన్న మాటకి..."

"ఏ మాట? ఏమన్నావ్ నువ్వు? ఏమీ అనలేదే!" అంది అత్తగారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఆ మాటతో అది అయిపోయింది. కోడలు లేచి వెళ్ళి మార్కరు తెచ్చింది.

కొడుకు స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. తల్లి వైపు చూడలేదు కానీ, ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

ట్రావెల్స్ వాళ్ళు చెప్పిన నలుగురి లెక్కని కోడలు పైన పెద్ద అంకెల్లో రాసింది. తమ దగ్గరున్నది కింద రాసింది. మధ్యలో చాలా తెల్లకాగితం మిగిలింది. ఆ మిగిలినదంతా తమ దగ్గర లేని డబ్బు.

"అమ్మో," అంది పిట్ట.

"నా రోప్‌వే కొట్టెయ్యి," అన్నాడు తండ్రి వెంటనే. ఆ దీవిలో సముద్రం మీదుగా కొండ మీదికి తాడుకి వేలాడుతూ వెళ్ళే పెట్టె ఒకటుంది. దాని మోటారు ఫొటోలు అతని ఫోను నిండా ఉన్నాయి. భార్య ఫొటోలు అన్ని లేవు. "రోజూ తాళ్ళూ పెట్టెలూ చూసేవాణ్ణే. డబ్బిచ్చి మరీ చూడాలా?"

"అయితే నా కారు కూడా తీసెయ్యండి," అంది కోడలు. ఒక రోజంతా కారు అద్దెకి తీసుకుని, సముద్రం పక్క రోడ్డు మీద తనే నడపాలని ఆమె కోరిక. పక్కన ఎవరూ బ్రేకు తొక్కకుండా, ఎవరికీ ఏదీ నేర్పకుండా. "ఏడాది పొడుగునా కార్లోనే ఉంటాగా."

"నా చేపలు కూడా," అంది పిట్ట ఏడుపు మొహంతో. గాలి గొట్టం పెట్టుకుని నీళ్ళ కింద చేపలు చూడటానికి అది అప్పుడే ఈత క్లాసుకి కూడా వెళ్తోంది. "నేను ఒడ్డునే ఉంటాలే. ఒడ్డుకి కూడా వస్తాయి కదా, చచ్చిపోయినవి."

అత్తగారు అరచేత్తో బల్ల మీద ఒక్కటిచ్చింది. కప్పులు గలగలమన్నాయి. ఆ దెబ్బకి ఒకప్పుడు నిండు బస్సు కదిలేది.

"చాలించండి త్యాగాలు! నా కోసం ఇప్పుడు వదులుకుంటారు. అక్కడికెళ్ళాక రోజుకొకళ్ళు గుర్తు చేస్తారు. అదిగో అమ్మ రాకపోతే రోప్‌వే ఎక్కేవాణ్ణి అని వీడు నిట్టూరుస్తాడు. ఎవరూ ఏదీ వదులుకోవద్దు. నాకా మార్కరివ్వు అమ్మాయ్."

మార్కరు అందుకుని, హోటలు అన్న మాట మీద అడ్డంగా గీసింది.

"ఆ పళ్ళ డాక్టరు చెప్పాడన్నావే, ఆ ఇల్లు ఎంత?"

పిట్ట అప్పటికే ఫోనులో వెతికేసింది. నీలం కిటికీలున్న చిన్న ఇల్లు. రెండు గదులు, వంటగది, వెనక తలుపు తీస్తే ఇసుక. నలుగురి తలలూ ఆ ఫోను మీద గుద్దుకున్నాయి.

"ఇదా? ఇదంతా మనకేనా?"

"తలుపు తీస్తే ఇసుకా? చెప్పులు ఎక్కడ విప్పుతారు మరి?"

"ధర చూడమ్మా, ధర చూడు ముందు!"

ధర చూశారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. హోటలు దాంట్లో సగం కన్నా తక్కువే ఉంది.

"టాక్సీలు కొట్టెయ్," అంది అత్తగారు, తనే కొట్టేస్తూ. "ఆ ఊళ్ళో బస్సులు ఉండవా?"

"భాష రాకుండా బస్సులెలా ఎక్కుతావమ్మా?"

"బస్సు ఎక్కడానికి భాషెందుకురా? చెయ్యెత్తితే ఆగుతుంది, మెట్టు కనిపిస్తుంది. ఎక్కడ దిగాలో పిట్ట ఫోను చెప్తుంది."

ప్రయాణం ఒక వారం వెనక్కి జరిపితే విమానం చవకవుతుందని పిట్ట కనిపెట్టింది. ఆ వారం నాకు సెలవు దొరకదన్నాడు తండ్రి. దొరక్కపోతే లిఫ్టులన్నీ కింద ఆపేసి రండి అంది కోడలు. అతను నవ్వాడు. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు. నవ్వేసి, కాగితం అడుగున ఒక గడి గీసి ఆపద ఖర్చు అని రాశాడు.

"ఇది మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. లిఫ్టు మొయ్యడానికి ఒక్క తాడు చాలు. అయినా అయిదారు వేస్తాం. ఇది ఆ రెండో తాడు."

అన్నీ కలిపి కూడారు. తెల్లకాగితం చాలావరకు నిండింది. ఇంకా కాస్త మిగిలింది. సరిగ్గా ఒక మనిషి విమానం టికెట్టంత.

"అది నాది," అంది అత్తగారు. "నా టికెట్టు నేను కొనుక్కుంటాను. పింఛను డబ్బు ఉంది."

కొడుకు మొహం మళ్ళీ బిగుసుకుంది.

"అదొక్కటీ కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"అమ్మని ఊరు చూపిస్తానని తీసుకెళ్ళి అమ్మ దగ్గరే డబ్బు వసూలు చేశానంటే, నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏ నలుగురు? ఉన్న నలుగురం ఈ బల్ల దగ్గరే ఉన్నాం. నేనైతే ఏమీ అనుకోను. అమ్మాయ్, నువ్వేమైనా అనుకుంటావా?"

"నేననుకోను అత్తయ్యా."

"పిట్టా?"

"ఊహూ."

"మిగిలింది నువ్వే. నువ్వు కూడా అనుకోకు."

అతను గోళ్ళకి పట్టిన గ్రీజు చూసుకుంటూ కూర్చున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. గోడ అవతల పక్కింటివాళ్ళ కుక్కరు కూతపెట్టి ఆగింది.

"నేను ఎవడికీ ఊరికే టికెట్టు ఇవ్వలేదురా," అంది తల్లి చివరికి, మెత్తగా. "మంత్రిగారి బావమరిదినంటూ ఒకడొచ్చాడు, వాడికీ ఇవ్వలేదు. ఇప్పుడు నేను ఊరికే ఎక్కితే నాకే బాగుండదు. నువ్వు తీసుకెళ్ళే మనిషిగా వద్దు. నీతో వచ్చే మనిషిగా వస్తాను. నా బాధ నీకు అర్థమవుతోందా?"

అతను మార్కరు తీసుకున్నాడు. కాగితం మీద అడుగున, అమ్మ టికెట్టు అని రాశాడు. పక్కన అమ్మే అని రాసి కింద గీత గీశాడు.

పిట్ట కేక పెట్టి నాన్నమ్మని కుర్చీతో సహా కావలించుకుంది. కప్పు ఒకటి దొర్లిపోయి కాగితం చుట్టుకుపోయింది. దాన్ని పట్టుకోబోయి అత్తాకోడళ్ళు తలలు కొట్టుకున్నారు. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు. ఒక్కొక్కళ్ళూ లేచి వెళ్ళి మళ్ళీ ఏదో గుర్తొచ్చి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. గొడుగు తీసుకెళ్ళాలా? అక్కడి ప్లగ్గులు మనవాటిలాగే ఉంటాయా? ఇంటి తాళం ఎవరికివ్వాలి?

"నాన్నమ్మా, నీళ్ళలోకి దిగుతావా?"

"దిగుతా. ఎందాకా దిగుతానో మాత్రం చెప్పను."

* * *

ట్రావెల్స్ ఆఫీసు ఒక మెడికల్ షాపు పక్కన, వీధిలోకి అద్దాల గోడ ఉన్న చిన్న గది. లోపల రెండు బల్లలు, కాగితాలు అచ్చువేసే యంత్రం, గోడ నిండా సముద్రాలు. నలుగురూ తెలిసినవాళ్ళ పెళ్ళికి వచ్చినట్టు తయారై వచ్చారు. అత్తగారు కాన్వాసు బూట్లు వేసుకుంది. అలవాటు చేసుకోవాలట.

బల్ల వెనకావిడ కంప్యూటరు మీద వేళ్ళు ఆడిస్తూనే నవ్వింది.

"రండి రండి. మీ వివరాలన్నీ నా దగ్గరున్నాయి. ఐదుగురికి కదా?"

"నలుగురికండీ," అన్నాడు కొడుకు.

"ఐదుగురని చెప్పారే అమ్మగారు? నిన్న ఫోను చేశారు. ఐదో పాస్‌పోర్టు నకలు కూడా పంపించారు."

కొడుకు తల్లికేసి తిరిగాడు. కోడలూ తిరిగింది. పిట్ట ఒక్కతే ఎటూ తిరక్కుండా, గోడ మీది సముద్రాన్ని చూస్తూ బిగుసుకుపోయింది.

"ఐదోది ఎవరమ్మా?"

అత్తగారు బూటు లేసు ముడి సర్దుకుంది. నిటారుగా కూర్చుంది.

"మీ నాన్న."

మావగారి మాట ఆ ఇంట్లో వినిపించి ఎన్నేళ్ళయిందో కోడలికి గుర్తులేదు. తన పెళ్ళికి ముందే ఆయన ఇల్లు వదిలి వెళ్ళాడని మాత్రం తెలుసు. ఆయన అత్తగారి బస్సులోనే డ్రైవరు. ఇంట్లో చెప్పకుండా ఉద్యోగం మానేసి, ఉన్నదంతా ఊడ్చి లారీ కొని, ఆ వ్యాపారం ములిగిపోతే మొహం చూపించలేక ఎటో వెళ్ళాడు. కొడుకు అప్పుడే పనిలో చేరాడు. చదువు అక్కడితో ఆగింది. ముసలితనంలో తిరిగొచ్చి డిపో వెనక గది తీసుకుని ఉంటున్నాడని విన్నా, కొడుకు ఆ వీధిలోంచి వెళ్ళడు.

"పాత సర్వీసుకి ఆయనకీ కాస్త పింఛను వస్తుంది. కౌంటరు దగ్గర కనిపిస్తాడు ప్రతి నెలా," అంది అత్తగారు. "ముందు రెండేళ్ళు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాను. పాస్‌పోర్టుకి కూడా ఇద్దరం కలిసే వెళ్ళాం."

"పిట్టా!" అన్నాడు అతను. "రెండు దరఖాస్తులూ నువ్వేనా?"

పిట్ట తలాడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తాతయ్య మంచివాడే నాన్నా," అంది.

"ఆయన్ని క్షమించేశావన్నమాట," అన్నాడు అతను తల్లితో. గొంతు బాగా తగ్గిపోయింది.

"లేదురా. ఎందుకు క్షమిస్తాను? నువ్వు పుస్తకాలు అమ్మేసిన రోజు నాకు గుర్తులేదా?" అంది ఆవిడ. "తిరిగొచ్చాక ఆయన గది ఆయనది, నా ఇల్లు నాది. ఆయన డబ్బు ఆయనే కట్టుకుంటున్నాడు. కాపురం చెయ్యడానికి కాదు, సముద్రం చూడటానికి."

"సముద్రం ఆయన లేకుండా కనిపించదా?"

"కనిపిస్తుంది. కానీ విను. పన్నెండేళ్ళు ఒకే బస్సులో పనిచేశాం. ఆయన ముందు స్టీరింగు దగ్గర. నేను వెనక ఫుట్‌బోర్డు దగ్గర. మధ్యలో నిండా జనం. ఒక్కనాడు పక్కపక్కన కూర్చోలేదు. ఎప్పటికైనా, ఇంకెవడో నడుపుతుంటే ఇద్దరం ఒక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూడాలని నాకుండేది. ఆయన చేసిన తప్పు ఆయన చేశాడు. దానికి నా కోరిక నేనెందుకు చంపుకోవాలి?"

బల్ల వెనకావిడ వేళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి.

"ఆయనొస్తే నేను రాను," అన్నాడు కొడుకు. లేచి, అద్దాల తలుపు తోసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. మెడికల్ షాపు ముందు, వీపు ఇటు పెట్టి నిలబడ్డాడు.

పిట్ట వెళ్ళబోయింది. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేడం, ఈ ధర మళ్ళీ ఉండకపోవచ్చు," అంది బల్ల వెనకావిడ, తప్పు చేస్తున్నట్టు. "సీట్లు అయిపోతున్నాయి. ఎంతమందికి వెయ్యమంటారు?"

అత్తగారు కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నువ్వు చెప్పు అమ్మాయ్. వాడితో బతకాల్సింది నువ్వు. నువ్వు వద్దంటే ఆయనతో నేను చెప్పుకుంటాను. నీ మీద మనసులో ఏమీ పెట్టుకోను."

కోడలు అద్దంలోంచి బయటికి చూసింది. రోడ్డుకి అటువైపునుంచి ఒక పొడుగాటి ముసలాయన దాటడానికి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో డబ్బు కవరు. బండ్లు పోతున్న తీరు చూస్తూ, ఒక అడుగు వేసి, ఆగి, సరైన క్షణం పట్టుకుని నేరుగా ఇవతలికి వచ్చాడు. ఏళ్ళ తరబడి రోడ్డు మీద బతికిన మనిషి నడక. ఫొటోలో కూడా చూడని ఆయన్ని ఆమె వెంటనే గుర్తుపట్టింది. ఆ భుజాలు తన భర్తవే.

ఇద్దరూ ఎదురుపడ్డారు. మధ్యలో రెండడుగులు కూడా లేవు. పెదవులు కదులుతున్నాయో లేదో ఇక్కడికి తెలియడం లేదు.

పొద్దున్న వస్తూ దారి పొడుగునా భర్త రోప్‌వే మోటారు గురించి చెబుతూ వచ్చాడు. చిన్నపిల్లాడిలా. ఆ మనిషిని ఇంటి దగ్గర వదిలేసి తను సముద్రం చూడగలదా? లేదు. ఈవిడని వదిలేసి? ఒకసారి వదిలేద్దామనుకుంది. ఆ మాట నోటితోనే అంది. రెండోసారి తన వల్ల కాదు.

"ఐదుగురికీ వెయ్యండి," అంది.

"సర్‌ని అడగక్కర్లేదా?"

"నేను చెప్తున్నాగా. వెయ్యండి."

చెప్పేశాక తనది భయమో సంతోషమో తేల్చుకునే తీరిక లేదు. పిట్ట ఆమె చెయ్యి నొక్కేస్తోంది. అత్తగారు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుస్తూనే ఉంది. యంత్రం గుర్రుమని మొదటి టికెట్టు బయటికి తోసింది. తర్వాత రెండోది. మూడోది.

అద్దాల తలుపు తెరుచుకుంది. గుమ్మంలో భర్త. మొహం ఎర్రగా ఉంది. యంత్రంలోంచి వస్తున్న కాగితాలని చూశాడు. భార్యని చూశాడు. వెనక, మెట్టు దగ్గర, ముసలాయన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

అతను లోపలికి రాలేదు. తలుపు వదల్లేదు. బార్లా తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ మనిషిని లోపలికి రమ్మనడానికో, తమని బయటికి వచ్చెయ్యమనడానికో, ఆమెకి అంతుపట్టలేదు.